పాత షాపు బోర్డు మీది ఆ లావు ఇంగ్లీషు అక్షరాల పేరేంటి?

తెనాలి_జరీ
మా నాన్నగారి బట్టల షాపు బోర్డు 1976లో ఒక పెయింటర్ రాసింది. టేకు పలక, ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. పైన తెలుగులో షాపు పేరు, దాని కింద అదే పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, ఆ కింద చిన్నక్షరాల్లో క్లాత్ మర్చంట్స్ అని. ఈసారి వానలకి పలక అడుగున చెద కనపడింది. కొత్తది చేయిద్దామని ఫ్లెక్సు షాపుకి వెళ్ళి, పాతదానిలాగే ఉండాలని పదిసార్లు చెప్పి వచ్చా. సాయంత్రం వాట్సాప్‌లో డిజైన్ పంపాడు. టైమ్స్ న్యూ రోమన్ బోల్డు, దాన్ని రెండు పక్కలా పట్టుకుని లాగేశాడు. చుట్టూ పసుపు అంచు, వెనక నీడ. నాన్న కళ్ళజోడు తీసి, పంచె కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసి "ఇది బ్యాంకు వేలం నోటీసురా" అన్నారు.

ఆ పాత అక్షరాలు ఏ ఫాంటో ఎవరికైనా తెలుసా? పేరు చెబితే అదే పెట్టమంటా.

గోళీసోడా
ఫోటో పెట్టకుండా ఫాంటు పేరు చెప్పమంటే ఎలా గురూ. జాతకం ఇవ్వకుండా ముహూర్తం అడిగినట్టుంది.

తెనాలి_జరీ
షాపు పేరు బయటపడుతుందని నాన్న వద్దన్నారు. మాటల్లో చెప్తా. అక్షరాలన్నీ లావు. కొసలకి మందంగా పాదాలున్నాయి, కానీ నిలువు గీత పాదంలో కలిసేచోట మూల రాలేదు, చెట్టు మొదలు నేలలో కలిసినట్టు వంపు తిరిగి కలుస్తుంది. ఆర్ అక్షరం కుడికాలు కిందికి దిగి, చివర మొజ్రీ చెప్పు ముక్కులా పైకి లేస్తుంది. చిన్నక్షరాల్లో సీ, ఏ, ఆర్‌ల కొసల్లో బూందీ లడ్డూ అతికించినట్టు గుండ్రటి ఉండలు. సన్న గీత అంటూ ఎక్కడా లేదు. లావు గీతకీ మిగతా గీతలకీ తేడా ఉంది గానీ కొంచెమే.

సీసపుఅక్షరం
క్లారెండన్. కాకపోతే దాని తమ్ముడు. ఆర్ కాలి దగ్గరే దొరికిపోయింది, లడ్డూలతో ఖాయమైంది.

పోలిక కావాలంటే మీ ఇంట్లోనో పక్కింట్లోనో పాత సోనీ టీవీ ఉంటే దాని మీది నాలుగక్షరాలు చూడండి. ఇప్పుడున్న రూపం 1973లో ఖరారైంది. క్లారెండన్‌లో టైపు చేసి అతికించేసింది కాదు, చేత్తో గీసి దిద్దుకున్నారు. కానీ ఇంటిపేరు అదే.

కుంచె_కాశీ
ఒప్పుకోను. 1976లో తెనాలిలో బోర్డు రాసే మనిషి ఏ ఫాంటూ చూసి రాయడు. మా బాబాయి గుంటూరులో ముప్ఫై ఏళ్ళు బోర్డులు రాశాడు. ఫ్లాట్ బ్రష్ పెట్టి గీత లాగితే కొస తిన్నగా తెగదు, దాన్ని సరిచేయడానికి అడ్డంగా ఒక పట్టు పడతాం. పాదం అట్లా వస్తుంది. మూల దగ్గర కుంచె తిప్పితే వంపు దానంతట అదే పడుతుంది. లడ్డూ అంటున్నది కుంచె తిప్పి ఎత్తిన చోటు. అది ఆయన చేతి రాత. దానికి లండన్ పేరు పెట్టడం దేనికి?

సీసపుఅక్షరం
కాశీగారు, కుంచె సంగతి మీరు చెప్పింది నిజం. కానీ ఆర్ కాలు పైకి లేవడం కుంచె వల్ల వచ్చేది కాదు. అది ఎక్కడో చూసి నేర్చుకున్న అలవాటు. బోర్డు పెయింటర్ల దగ్గర అట్టలూడిన అక్షరాల పుస్తకం ఒకటి ఉండేది కదా, పేజీకో రకం ఏబీసీడీలు వేసి? అందులోంచో, ఏ సిగరెట్ పెట్టె మీంచో వచ్చి ఉంటుంది.

కుంచె_కాశీ
ఆ పుస్తకం బాబాయి దగ్గరా ఉండేది. సరే, సగం ఒప్పుకుంటా.

లాయరమ్మ
టైమ్స్‌ని అంత తీసిపారేయకండి, నేను దాంతోనే బతుకుతున్నా. 2020లో సుప్రీంకోర్టు సర్క్యులర్ వచ్చింది: ఏ4 కాగితం, రెండు వైపులా ప్రింటు, టైమ్స్ న్యూ రోమన్, సైజు 14, వరుసకీ వరుసకీ ఒకటిన్నర ఎడం. అంతకుముందు లీగల్ కాగితం మీద ఒకవైపే కొట్టి కట్టలు మోసేవాళ్ళం. అమెరికా సుప్రీంకోర్టు వాళ్ళ రూల్ ఇంకో రకం. పుస్తకంలా అచ్చేసి ఇచ్చే బ్రీఫులు (రాసిచ్చే వాదనలు) సెంచురీ కుటుంబం ఫాంట్లోనే, 12 పాయింట్లలో ఉండాలి.

గోళీసోడా
అయితే వాళ్ళ నాన్న వేలం నోటీసు అని సరిగ్గానే పట్టారు మేడమ్ 😀

పేజ్‌మేకర్_పంతులు
టైమ్స్ బోల్డు తప్పు కాదు. దాన్ని లాగడం తప్పు. 1932లో లండన్ టైమ్స్ పత్రిక కోసం స్టాన్లీ మోరిసన్ దగ్గరుండి చేయించాడు, బొమ్మలు గీసింది విక్టర్ లార్డెంట్. పత్రిక ఇరుకు కాలమ్‌లో ఎక్కువ మాటలు పట్టాలని అక్షరాలన్నీ ఒద్దికగా చేశారు. అలాంటిదాన్ని పట్టుకుని మనవాళ్ళు కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో 160 శాతం వెడల్పు చేస్తారు. అడ్డంగా లాగితే నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఓ అక్షరం ఎవరో కూర్చున్న గారెలా అవుతుంది. పాదాలు పలకల్లా సాగుతాయి. తెనాలి_జరీ గారూ, మీకు వచ్చిన డిజైన్‌లో హెచ్ అక్షరం మధ్య అడ్డగీత చూడండి, నిలువు గీతలో పావు వంతైనా ఉండదు.

తెనాలి_జరీ
ఇప్పుడే ఫోన్లో పెద్దది చేసి చూశా. నిజమే, దారప్పోగులా ఉంది.

ఓరుగల్లు_బిడ్డ
బోల్డు కావాలంటే పైన బీ బటన్ నొక్కితే సరిపోతది కదా, ఇంత పంచాయితీ ఎందుకు?

పేజ్‌మేకర్_పంతులు
తమ్ముడూ, ఆ బటన్ వల్ల నేను ఒక పెళ్ళి చెడగొట్టబోయా.

బోల్డు విడిగా గీసి ఉన్న ఫాంటయితే బీ నొక్కగానే ఆ రెండో ఫైలు వస్తుంది. లేని ఫాంటయితే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరం చుట్టూ రంగు పూసి లావు చేస్తుంది. బయటికి ఎంత పూస్తుందో లోపలికీ అంతే. ఇంగ్లీషు ఓకి పొట్ట పెద్దది కాబట్టి బతుకుతుంది. మన అక్షరాలకి ఆ వెసులుబాటు లేదు. థకీ ధకీ తేడా ఏముంది? పొట్టలో ఒక్క చుక్క. పకీ ఫకీ తేడా కింద ఒక చిన్న గీత.

వరుడి పేరు రఘునాథ్. అను ఫాంట్లలో ఒకటి తీసుకుని, ఇంకొంచెం లావు కావాలన్నారని అంచు పూశా. కంప్యూటర్ తెర మీద బాగానే ఉంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఇంకు ఇంకాస్త పాకింది. ఘ నల్లటి ముద్దయింది, థలో చుక్క మాయమై నల్లటి పొట్ట మిగిలింది. పెళ్ళికొడుకు మేనమామ కార్డు పట్టుకొచ్చి "మావాడి పేరు మధ్యలో చీమ చచ్చిందయ్యా" అన్నాడు. 600 కార్డులు నా ఖర్చుతో మళ్ళీ కొట్టిచ్చా.

గోళీసోడా
చీమ చచ్చిందయ్యా 😂😂

నాలుగోపేజీ
పంతులుగారి చీమ మాకు రోజూ చచ్చేది. పేపర్లో 22 ఏళ్ళు డెస్కు మీద చేశా. న్యూస్‌ప్రింట్ మీద ఇంకు అంటే పెనం మీద నూనె లాంటిది, ఇంకు ఎక్కడ వేసినా నాలుగు పక్కలా పాకుతుంది. అందుకే హెడ్డింగు ఫాంటు ఎంత లావన్నది కాదు, లోపల ఎంత ఖాళీ మిగిలిందన్నది చూసేవాళ్ళం.

ఈ క్లారెండన్ వంశానికీ వార్తాపత్రికలకీ అందుకే స్నేహం. దీని దగ్గరి చుట్టం అయానిక్ అని ఉంది. 1925లో అమెరికా లైనోటైప్ కంపెనీ దాన్ని దిద్ది, వార్తల చిన్నక్షరాలకు అయానిక్ నంబర్ 5 అని విడుదల చేసింది. వెంట్రుక గీతలు ఉండవు, పొట్టలు తెరిచి ఉంటాయి, కొసలు బలంగా ఉంటాయి. చెత్త కాగితం మీద, వేగంగా తిరిగే మిషన్ మీద కూడా అక్షరం విరగదు.

ఓరుగల్లు_బిడ్డ
సరే నాది తప్పే. కానీ అసలు ఈ క్లారెండన్ ఎవరు? మనిషా ఊరా?

సీసపుఅక్షరం
ఆక్స్‌ఫర్డ్‌లోని క్లారెండన్ ప్రెస్ పేరు పెట్టారని చెప్తారు. చేసింది మాత్రం లండన్‌లో ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీ, అంటే అచ్చు అక్షరాలు పోత పోసే కార్ఖానా. సంవత్సరం 1845. ఫౌండ్రీలో భాగస్వామి రాబర్ట్ బెస్లీ, ఉక్కు మీద అక్షరాలు చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్.

అప్పటికి లండన్ గోడల మీద లావు అక్షరాలకు కొదవేం లేదు. 1800 దాటాక ఫ్యాట్ ఫేస్ అని ఒక రకం వచ్చింది, నిలువు గీతలు దుంగలు, అడ్డగీతలు వెంట్రుకలు. 1815 ప్రాంతంలో విన్సెంట్ ఫిగిన్స్ అనే ఆయన పాదాల్ని కూడా ఇటుకల్లా లావు చేసి అమ్మాడు. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర తర్వాత అక్కడంతా ఈజిప్టు మోజు కాబట్టి ఆ ఇటుక అక్షరాలకి ఈజిప్షియన్ అన్న పేరు స్థిరపడింది. ఇవన్నీ లాటరీలకీ నాటకాలకీ పోస్టర్లు. గోడ మీంచి అరవడానికి.

బెస్లీ వాళ్ళది వేరే అవసరం. మామూలు వాక్యం మధ్యలో, నిఘంటువులో అర్థం ఇచ్చే మాటల దగ్గర, ఒక్క మాటని మాత్రం లావుగా చూపించాలి. గోడ అక్షరం తెచ్చి పెడితే వరుసలో ఇమడదు, పక్క అక్షరాల్ని మింగేస్తుంది. కాబట్టి లావుని అదుపులో పెట్టారు, ఇటుక పాదాన్ని వంపుతో కాలికి కలిపారు, మామూలు అక్షరం పక్కన కూర్చోబెట్టడానికి వీలుగా కాస్త ఇరుకు చేశారు. ఇవాళ వర్డ్‌లో రెగ్యులర్ పక్కనే బోల్డు అని ఉంటుందే, ఆ జోడీ అలవాటు ఇక్కణ్ణుంచే గట్టిపడింది. ఇంగ్లీషు ప్రెస్సుల్లో చాలాకాలం 'క్లారెండన్‌లో పెట్టు' అంటే 'బోల్డు చెయ్యి' అనే.

ఇంకోటి. 1842లో అక్కడ డిజైన్ల చట్టం వచ్చింది. దాని కింద దీన్ని రిజిస్టర్ చేశారు. రక్షణ మూడేళ్ళే. నాలుగో ఏడు వచ్చేసరికి ప్రతి ఫౌండ్రీ తన క్లారెండన్ తను పోత పోసుకుంది.

గోళీసోడా
అంటే పైరసీ మన దగ్గరే మొదలవలేదన్నమాట. మనసు కుదుటపడింది.

సీసపుఅక్షరం
లాటరీ అన్నాను కాబట్టి చెప్తున్నా. ఆ ఫౌండ్రీని 1820లో విలియం థోరోగుడ్ అనే ఆయన కొన్నాడు. ఆ డబ్బు లాటరీలో తగిలిందే. బెస్లీ ఆ తర్వాత వచ్చి చేరాడు, 1869లో లండన్ లార్డ్ మేయర్ అయ్యాడు.

గోళీసోడా
మనవాడికి లాటరీ తగిలితే సినిమా తీసేవాడు. చివరికి ఫౌండ్రీ అమ్మేవాడు.

డల్లాస్_దొండకాయ
ఇది చదువుతుంటే గుర్తొచ్చింది. ఇక్కడ నేషనల్ పార్కుల్లో పాత చెక్క బోర్డులు చూశారా ఎవరైనా? గోధుమ రంగు పలకలో అక్షరం తొలిచి తెల్లరంగు నింపుతారు. చాలా ఏళ్ళు వాటి మీద క్లారెండనే. తర్వాత దాని స్థానంలో ఎన్‌పీఎస్ రాలిన్సన్ అని పార్కుల కోసమే చేసిన సెరిఫ్, అంటే పాదాలున్న ఫాంటు, వచ్చింది. జేమ్స్ మోంటల్బానో అనే డిజైనర్ చేశాడు. అమ్మావాళ్ళు వచ్చినప్పుడు ఎల్లోస్టోన్ తీసుకెళితే మా నాన్న వేడినీటి బుగ్గల కంటే ఆ బోర్డుల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డారు. ఆయన రిటైర్డ్ కంపోజిటర్.

కౌబాయ్ సినిమాల్లో 'వాంటెడ్' పోస్టర్లు కూడా దీని బంధువర్గమే. చెక్కలో చెక్కిన పెద్దక్షరాలు, ఫ్రెంచ్ క్లారెండన్ అంటారు, పాదాలు కాళ్ళ కన్నా లావు.

కుంచె_కాశీ
ఏనుగు కాళ్ళు అంటాడు మా బాబాయి వాటిని. సర్కస్ వాళ్ళ బోర్డుకి అవే అడిగేవాళ్ళట.

ఓరుగల్లు_బిడ్డ
తెలుగులో సెరిఫ్ ఉన్నదా లేదా? నోటో సెరిఫ్ తెలుగు అని ఫాంటు ఉంది మరి. నాకైతే ఏ పాదమూ కనపడలే.

పేజ్‌మేకర్_పంతులు
తలకట్టు ఉంది కదా. మనకి సెరిఫ్ నెత్తిన ఉంటుంది, వాళ్ళకి కాళ్ళకి ఉంటుంది. అంతే తేడా.

సీసపుఅక్షరం
పంతులుగారూ, ఈ మాట చాలామంది అంటారు, నాకు మాత్రం మింగుడుపడదు. ఎన్‌కి పాదాలు తీసేస్తే ఎన్‌గానే చదువుతాం. కకి తలకట్టు తీసి గుడి పెడితే కి అవుతుంది. అంటే తలకట్టు అచ్చు తాలూకు గుర్తు. తీసేస్తే చదువు మారిపోయేదాన్ని అలంకారం అనలేం కదా.

నోటో సెరిఫ్ తెలుగు పేరు అలా పెట్టింది, గీతలో లావు సన్నం తేడా ఉంటుంది కాబట్టి. ఇంగ్లీషు సెరిఫ్ ఫాంటు పక్కన పెట్టుకోవడానికి.

పేజ్‌మేకర్_పంతులు
చదువు మారుతుందన్నది సరే. కానీ కంటికి పని చేసేది తలకట్టే. వరుస పైఅంచుని పట్టి ఉంచేది అది. పాదాలు చేసే పని కూడా అదే కదా?

సీసపుఅక్షరం
ఆ పని వరకు ఒప్పుకుంటా. పేరు వరకు ఒప్పుకోను.

లాయరమ్మ
వాయిదా వేయండి. క్లయింటు ఎదురుచూస్తున్నాడు.

తెనాలి_జరీ
థ్యాంక్స్ మేడమ్. నా బోర్డు తెలుగు సంగతి ఎవరూ చెప్పలేదు. పైన తెలుగు, కింద ఈ క్లారెండన్. ఏ తెలుగు ఫాంటు నప్పుతుంది?

నాలుగోపేజీ
చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ఇంగ్లీషుకి బొడోనీ లాంటిది పెడతారు, లావు గీత బాగా లావు, సన్నగీత వెంట్రుక. దాని నెత్తిన మన తెలుగు, గీత మొదట్నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే మందం. రెండూ రెండు ఊళ్ళ నుంచి వచ్చి ఒకే బెంచీ మీద కూర్చున్నట్టుంటాయి. క్లారెండన్‌లో తేడా తక్కువ, ఉండలు గుండ్రం. మన అక్షరాలేమో అసలే గుండ్రం. పక్కపక్కన పెడితే కన్ను తడబడదు. మీ పెయింటర్ ఇవన్నీ ఆలోచించి రాశాడని అనను. రెండు వరుసలూ ఒకే కుంచెతో రాశాడు, అంతే.

రామభద్ర వేసి చూడండి. సిలికానాంధ్ర వాళ్ళు ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లలో అది హెడ్డింగుల కోసం చేసిన లావు ఫాంటు. బీ బటన్ జోలికి మాత్రం పోవద్దు, చీమ గుర్తుందిగా.

అన్నట్టు, ఇంగ్లీషువాడికి ఒక మాట నొక్కి చెప్పాలంటే పెద్దక్షరాలున్నాయి, ఇటాలిక్ ఉంది, బోల్డు ఉంది. మనకి పెద్దక్షరాలు లేవు. ఇటాలిక్ వాలిస్తే తెలుగు తాగినవాడిలా ఉంటుంది. మిగిలింది బోల్డు ఒక్కటే. ఆ ఒక్కదాన్నీ అంచు పూసి సరిపెడుతున్నాం.

ఓరుగల్లు_బిడ్డ
క్లారెండన్ ఫ్రీగా యాడ దొరుకుతది? గూగుల్‌లో కొడితే డౌన్‌లోడ్ సైట్లు నలభై వచ్చినయ్.

సీసపుఅక్షరం
వాటి జోలికి పోకు, చాలావరకు దొంగ సరుకు. ఇప్పుడు అందరూ వాడే క్లారెండన్ రూపం 1953లో స్విట్జర్లాండ్ హాస్ ఫౌండ్రీకి హెర్మన్ ఐడెన్‌బెంజ్ గీసింది. అమెరికాలో 1955లో ఫ్రీమన్ క్రా తనది చేశాడు. ఈ పేర్లతో వచ్చే డిజిటల్ ఫాంట్లకి లైసెన్సు కొనాలి. డబ్బు పెట్టలేకపోతే గూగుల్ ఫాంట్స్‌లో బెస్లీ అని ఉంది, ఓవెన్ ఎర్ల్ చేసింది. పాత యజమాని పేరే పెట్టాడు. షాపు బోర్డుకి కూడా వాడుకోవచ్చు, ఎవరూ అడగరు. మామూలు మందం నుంచి బాగా లావు దాకా ఉంది. హాస్ వాళ్ళదానికి ఇటాలిక్ లేదు, దీనికి అదీ ఉంది.

రూటర్_రమణ
ఆలస్యంగా చూశా. విజయవాడలో సీఎన్‌సీ రూటర్, అంటే కంప్యూటర్ నడిపే కోత మిషన్, ఉంది నాకు, అక్షరాలు కోసే పని. ఫ్లెక్సు మానేసి కోత అక్షరాలు పెట్టించుకోండి, ఎండకి ఫ్లెక్సు ఎలాగూ తెల్లబోతుంది.

మా వైపు నుంచి రెండు ముక్కలు. ఒకటి, రూటర్ బిట్, అంటే కోసే ములుకు, గుండ్రం. 3 మిల్లీమీటర్ల బిట్ వేస్తే లోపలి మూలలో ఒకటిన్నర మిల్లీమీటర్ల వంపు తప్పదు. పదునైన మూలలున్న ఫాంటు ఇస్తే ప్రతి మూలా ఆకురాయితో దిద్దాలి, అయినా పూర్తిగా రాదు. మీరు చెప్పే రకంలో పాదం దగ్గర ముందే వంపు ఉంది కాబట్టి బిట్ సాఫీగా తిరిగి వచ్చేస్తుంది. ఆ పార్కు బోర్డుల్లో తొలిచిన అక్షరాలన్నారుగా, అక్కడా ఇదే సుఖం.

రెండు, లోపల లైటు పెట్టాలంటే గీత మందం చూసుకోవాలి. ఎల్‌ఈడీ మాడ్యూల్ పట్టాలి, రెండు పక్కల గోడలు ఉండాలి. నా లెక్కలో గీత అంగుళం కంటే తగ్గితే మాడ్యూల్ కూర్చోదు, అక్కడ చీకటి పడుతుంది. మొన్న ఒక నగల షాపు వాళ్ళు సన్నగీతల ఫాంటు పట్టుబట్టి పెట్టించుకున్నారు. రాత్రి లైటు వేస్తే నిలువు గీతలే వెలుగుతున్నాయి. ఎన్ అక్షరం రెండు ట్యూబులైట్లలా ఉంది.

గోళీసోడా
రెండు ట్యూబులైట్లు కొంటే పోయేది.

తెనాలి_జరీ
రమణగారూ, లైటు వద్దన్నారు నాన్న. ముందు వీధిదీపం ఉంది, చాలు అంటున్నారు. ఏసీపీ (అల్యూమినియం పూత) షీటు మీద విడి అక్షరాలు అనుకుంటున్నా. బెస్లీ దించి టైపు చేసి చూపించా. "దగ్గరగా ఉంది, కానీ మనది కాదు" అన్నారు. ఎక్కడ తేడా అంటే చెప్పలేకపోయారు.

కుంచె_కాశీ
ఇందాకట్నుంచి నేను మొత్తుకుంటున్నది అదే. బోర్డు దించి కింద పెట్టు. బట్టల షాపే కదా, పాటర్న్ గీసే ట్రేసింగ్ కాగితం దొరక్కపోదు. బోర్డు మీద పరిచి, కదలకుండా టేపు వేసి, మెత్తటి పెన్సిల్‌తో అంచులు దిద్దుకో. పెచ్చులూడినచోట చేత్తో తడిమితే పెయింటు మందం తగులుతుంది, అంచు ఎక్కడో తెలిసిపోతుంది. దాన్ని స్కాన్ చేసి ఇస్తే కోసేవాళ్ళు కోస్తారు. ఫాంటు వెతకడం దేనికి?

రూటర్_రమణ
కోస్తాం. కానీ స్కాన్‌ని సాఫ్ట్‌వేర్‌తో ఆటోమేటిక్‌గా ట్రేస్ చేయించి పంపొద్దు. వంకర టింకర చుక్కలు వెయ్యి వస్తాయి, బిట్ కంపిస్తుంది. కోరల్‌లో చేత్తో తక్కువ చుక్కలతో గీయించండి. పంతులుగారికి తెలుసు ఆ పని.

పేజ్‌మేకర్_పంతులు
పంపండి, గీసిపెడతా. చీమల పాపం కొంత తీరుతుంది.

తెనాలి_జరీ
నాలుగు రోజులకి మళ్ళీ వచ్చా. బోర్డు దించాం. దింపడానికే నలుగురు పట్టారు. ట్రేసింగ్ చేశా, మోకాళ్ళు పోయాయి.

బెస్లీలో అదే సైజుకి ప్రింటు తీసి పక్కన పెట్టి చూశా. ఓ, సీ, హెచ్ దాదాపు సరిపోయాయి. ఆర్ కాలు బెస్లీలో కన్నా మా దాంట్లో ఇంకొంచెం పైకి లేచింది. అసలు తేడా ఎస్ దగ్గర. మా పేరులో రెండు ఎస్‌లున్నాయి. మొదటిది నిటారుగా, పొట్ట నిండుగా ఉంది. చివరిది దానికన్నా బొటనవేలు మందం సన్నం, కొంచెం వెనక్కి వాలింది. యాభై ఏళ్ళుగా దాని కిందనుంచే నడుస్తున్నా, ఎప్పుడూ చూడలేదు.

నాన్నని అడిగితే నవ్వారు. పెయింటర్ సుద్దతో ఎడమ నుంచి గుర్తులు పెట్టుకుంటూ వచ్చాడట, చివరికొచ్చేసరికి చోటు చాలలేదు. ఎస్‌ని ఇరికించాడు. నాన్న అది పట్టుకుని కూలిలో పది రూపాయలు కోశారట. ఆయన ఏమీ అనకుండా తీసుకుని వెళ్ళిపోయాడట.

ఇప్పుడు పంతులుగారు అడుగుతున్నారు: చివరి ఎస్ సరిచేయనా, అలాగే ఉంచనా అని.

నాలుగోపేజీ
మొదటి ఎస్ కాపీ చేసి చివర పెట్టండి. కొత్త షీటు నాలుగు అంగుళాలు పొడుగు తీసుకుంటే సరి. తప్పుని మోసుకెళ్ళడం దేనికి?

సీసపుఅక్షరం
నాకు అలాగే ఉండాలనిపిస్తోంది. సీసం అక్షరమైతే రెండు ఎస్‌లూ ఒకే అచ్చులోంచి వస్తాయి. ఇది చేత్తో రాసింది.

కుంచె_కాశీ
అలాగే ఉంచు. అయినా పది రూపాయలు కోశారంటే బాధగా ఉంది. 1976లో పది రూపాయలు.

లాయరమ్మ
వడ్డీతో లెక్కేస్తే చాలా అవుతుంది.

తెనాలి_జరీ
నాన్న అలాగే ఉంచమన్నారు. పాత పలక చెద పట్టిన అడుగు కోయించి, లోపల గల్లాపెట్టె పైన పెట్టమంటున్నారు. ఆ పెయింటర్ పేరు గుర్తులేదట, గంగానమ్మపేట వైపు సైకిల్ మీద వచ్చేవాడని మాత్రం చెప్తున్నారు. పంతులుగారూ, రెండో ఎస్ కదిలించకండి.

రూటర్_రమణ
ఫైలు వచ్చింది. తెలుగు వరుస రామభద్ర కాదుగా, అదీ ట్రేసింగేనా? ఒత్తుల కింద 8 మిల్లీమీటర్లు వదిలా, లేకపోతే ఇంగ్లీషు వరుస నెత్తిన తగులుతున్నాయి. ఎస్ వాలినట్టే కోస్తా. పది రూపాయలు తగ్గించమని మాత్రం మీ నాన్నగారిని అడగనివ్వకండి.